పుట్టుజుట్టు మీద కత్తెర

రగ్నోమర్ రాజు పోయినప్పటి నుంచి రాణి వుల్ఫ్రాద తన కొడుకు తల మీద ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వలేదు.

ఫ్రాంకుల తెగలో రాజంటే జుట్టే. రాజు కడుపున పుట్టిన మగబిడ్డకి పుట్టిన నాటి నుంచి కత్తెర తగలకూడదు. వీపు మీద పడిన ఆ జుట్టు చూసే జనం వాణ్ణి రాజని డాలు మీదికెక్కించి భుజాన మోస్తారు. ఆ జుట్టు పోయిందా, వాడూ అడవిలో పందులు కాసేవాడూ ఒకటే. ఏ మఠంలోనో పడేస్తే గంజి తాగుతూ బతకాలి. అందుకని రాజుబిడ్డ అడ్డం తొలగించుకోవాలనుకున్నవాడు కత్తి దూయక్కర్లేదు. గొర్రెల బొచ్చు తీసే కత్తెర చాలు.

ఆ కత్తెర సంగతి వుల్ఫ్రాదకి ఇంకొకళ్లు చెప్పనక్కర్లేదు. రాణి కాకముందు ఆమె రాజుగారి నేతశాలలో ఉన్ని దువ్వే పిల్ల. తండ్రి మందల వెంట తిరిగి బొచ్చు కత్తిరించేవాడు. రగ్నోమర్ ఒకనాడు నేతశాల గుమ్మం ముందు గుర్రం దిగి మంచినీళ్లడిగాడు. నీళ్లు తాగాక కూడా కదల్లేదు. ఆ కథ పెద్దింటి ఆడవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆమె ఎదురొస్తే తడి గొర్రె ఎదురొచ్చినట్టు ముక్కు పక్కకి తిప్పుకుంటారు.

ఆకురాలే కాలంలో రాజు ఏటి అవతల తమ్ముడు అన్సోమర్ రాజ్యానికి వేటకి వెళ్లాడు. అక్కడ అడవిపంది మాంసం తిన్నాడు. ఇంటికొచ్చి కడుపు పట్టుకుని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. "తిండి దగ్గర ఎలుగుబంటి ఆయన, అరగలేదంతే" అన్నారు బంటులు. వుల్ఫ్రాద తలూపింది. తలూపి, మర్నాడే వంటవాణ్ణి మార్చేసింది. పిల్లాడు మెరోబాద్‌కి పెట్టే ప్రతి ముద్దా ముందు వేటకుక్కకి పెట్టడం మొదలెట్టింది. చలికాలం తిరిగేసరికి ఆ కుక్క వేటకి పనికిరానంత బలిసింది.

గెర్సిండ సంగతీ అంతే. మెరోబాద్‌కి పాలిచ్చి పెంచింది గెర్సిండ. పుట్టిన నాటి నుంచి వాడి జుట్టు దువ్వేదీ ఆమే. ఒకరోజు ఆమె నడుముకి తాడుతో వేలాడుతున్న చిన్న కత్తెర రాణి కంట పడింది.

"అదెందుకే నీకు?"

"దారం తెంపడానికమ్మా. పళ్లతో తెంపుదామంటే పళ్లేవీ?" అని ముందుపళ్లు ఊడిన నోరు తెరిచి చూపించింది.

వుల్ఫ్రాదకి నవ్వు రాలేదు. దంతపు దువ్వెన ఆమె చేతిలోంచి తీసేసుకుంది. ఇక మీదట తనే దువ్వుతానంది. అన్నదే గాని, రాణికి తీరికెక్కడ? పొద్దున్నే పొలం గట్ల తగాదాలు, మధ్యాహ్నం బంటుల సణుగుడు. దువ్వెన పెడితే పిల్లాడు ఏడ్చేవాడు. ఏడుస్తుంటే ఆమెకి చెయ్యాడేది కాదు. పైపైన నాలుగుసార్లు లాగి, రెండు జడలుగా బిగించి, ఎవరూ ముట్టకుండా తోలు టోపీ పెట్టేసేది. ఆ టోపీ పడుకున్నప్పుడూ తీసేది కాదు.

మంచు కరిగే రోజులొచ్చాయి. డాలు మీద కొత్తరాజుని మోయడానికి మైదానంలో జనం కూడే వేళ దగ్గర పడింది. పినతండ్రి హోదాలో అన్సోమర్ కూడా బంటులతో వచ్చి ఏటి అవతలి గట్టున డేరాలు వేశాడు. సరిగ్గా అప్పుడే మెరోబాద్ టోపీ మీంచి తల గోక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. ఆ తర్వాత తల్లిని చూసి "ఈమె ఎవరు?" అన్నాడు.

కబురు ఏరు ఎలా దాటిందో గాని, అన్సోమర్ తన వైద్యుణ్ణి పంపాడు. దక్షిణాది మనిషి, పేరు సెవేరుస్. గడ్డం నున్నగా గీయించుకుని, చేతులు రెండుసార్లు కడుక్కునే రకం.

గుమ్మం దగ్గర కాపలా ఉన్నది ముసలి దగారిక్. బట్టతల, తెగిన చెవి. మంచం మీదున్న పిల్లాడికి వినపడేలా వైద్యుడితో హాస్యమాడాడు.

"నా తల కూడా చూడు వైద్యుడా, మళ్లీ మొలుస్తుందేమో. ఈ తలంటే మాటలు కాదు. దీని మీద తొలి కత్తెర వేసింది పెద్దరాజుగారు, ఈ పిల్లాడి తాత. మా ఆచారంలో తొలి కత్తెర వేసినవాడు తండ్రే కదా. ఆ లెక్కన పోయిన రాజు నాకు తమ్ముడు, ఈ రాణిగారు నాకు మరదలు."

"నోరు ముయ్యి బావా" అంది వుల్ఫ్రాద చిరాగ్గా. ఆ ఇంట్లో ఆమెని నవ్వించాలని చూసేవాడు ఆ ముసలాడొక్కడే.

సెవేరుస్ టోపీ ఊడదీశాడు. వాసన గది నిండా పరుచుకుంది.

వుల్ఫ్రాద ఆ వాసన ఎరుగును. వానాకాలం బొచ్చు ముద్దకట్టిన గొర్రెని తండ్రి నేల మీద పడుకోబెట్టి, ఆ ముద్ద కింద కత్తెర దూర్చి లేపినప్పుడు వచ్చే వాసన అది. పైకి ఉన్ని బాగానే ఉంటుంది. కింద తోలు కుళ్లి ఉంటుంది.

"రాణీ, జడల కింద పుండు" అన్నాడు వైద్యుడు. "జుట్టంతా తీసేస్తే గాని మందు అందదు. ఇవాళే తీయాలి. లేకపోతే చీము లోపలికి దిగుతుంది."

"తియ్యి మరి" అంది ఆమె, వాడి మొహంలోకి చూస్తూ.

"నేను తియ్యను. తల్లి ఇష్టం లేకుండా రాజుబిడ్డ జుట్టు కోసినవాణ్ణి మీ చట్టం వదలదు. ఇష్టపడ్డారని రేపు మీరే చెప్పకపోవచ్చు. మీ చేత్తో మీరే తియ్యాలి. సాక్షులుంటే ఇంకా మంచిది."

"ఈ మాట నీచేత ఎవరు చెప్పించారు?"

"పుండు చెప్పించింది."

"నిన్ను పంపినాయన?"

"జ్వరం తగ్గించమన్నాడు. అంతే."

వాడి మాటలో ఆమెకి అబద్ధం దొరకలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. అబద్ధమైతే గెంటించేసేది. నిజాన్ని గుమ్మంలోకి పంపి, తను ఏటి అవతల కూర్చున్నవాణ్ణి ఏం చేస్తుంది? తల్లే తన చేత్తో కోస్తే నేరం లేదు, జరిమానా లేదు, పగ లేదు. మైదానంలో బోడితల పిల్లాణ్ణి చూపిస్తే జనం వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. అన్సోమర్ చేతులకి తడి కూడా అంటదు.

ఆమె వైద్యుణ్ణి బయటి గదిలో కూర్చోమంది. గుమ్మం దాటనివ్వొద్దని దగారిక్‌కి సైగ చేసింది. గెర్సిండ తడిగుడ్డ పిల్లాడి నుదుటి మీద వేస్తూ, తల ఎత్తకుండానే అంది.

"దువ్వెన లాక్కున్నాక ఈ తల వంక నన్ను చూడనిచ్చారా అమ్మా?"

"ఇప్పుడు నన్ను దెప్పడానికా?"

"దెప్పడం కాదు. నా చేతిలో ఉంటే మొదటి రోజే చెయ్యి తగిలేది. చిన్న కురుపుగా ఉన్నప్పుడే తెలిసేది."

"నీ చేతిలో కత్తెర ఉంది."

"ఉంది. ఇదుగో." తాడు విప్పి మంచం మీద పెట్టింది. "ఇన్నాళ్లూ నన్ను చూసి భయపడ్డారు గదా. ఇప్పుడు మీరే పట్టుకోండి."

వుల్ఫ్రాద కత్తెర తీసుకుంది. గెర్సిండ మీద కోపం రావాల్సింది, రాలేదు. కొడుకు కణతలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎడమ జడ కింద ఇనుము దూర్చింది. నొక్కితే చాలు. పిల్లాడు బతుకుతాడు, వాళ్ల నాన్న పేరు పోతుంది. నొక్కకపోతే పేరు ఉంటుంది, అది పెట్టుకునే పిల్లాడే ఉండడు. ఇంకో దారి లేకుండా ఎవరో గొర్రెని కంచెలోకి తోలినట్టు తనని ఇక్కడిదాకా తోలారని ఆమెకి అనిపించింది. తోలినవాళ్లలో సగం తనే అని కూడా అనిపించింది.

బయట దగారిక్ కాపలా కుర్రాళ్లతో ఇంకా అదే వాగుడు వాగుతున్నాడు. "అన్సోమర్ రాజయితే ఏం, వరసకి నాకు తమ్ముడే. ఎదురొస్తే నేను అడుగుతాను, అన్నకి సారా ఏదిరా అని."

ఆమె చెయ్యి ఆగింది. కత్తెర మెల్లగా వెనక్కి తీసింది.

"బావా, ఇలా రా" అని పిలిచింది. "తొలి కత్తెర వేసినవాడు తండ్రి అన్నావు. ఆ తండ్రి తర్వాత ఆ పిల్లాడి మీద చెయ్యెత్తితే?"

దగారిక్ నవ్వు ఆపేశాడు. "సొంత కొడుకుని చంపినట్టే. అలాంటివాడి వెనక ఏ బంటూ నడవడు. పెద్దరాజుగారికి నా మీద ఎంత కోపమొచ్చినా తిట్టేవారే గాని కొట్టలేదు."

"రాజుబిడ్డకి ఎవరైనా అలా కత్తెర వేశారా?"

"రాజుబిడ్డకి కత్తెరే వెయ్యరు గదమ్మా. అది మాబోటి బంటుల బిడ్డలకి."

"వెయ్యకూడదని చట్టంలో ఉందా?"

ముసలాడు బట్టతల గోక్కున్నాడు. "లేదనే అనుకుంటా. అడిగినవాళ్లు లేరు."

"అయితే పడవ కట్టి వెళ్లు. మీ తమ్ముణ్ణి పిలుచుకురా. బంటులందరితో రమ్మను. కొడుకుని చూపిస్తానని చెప్పు. ఇంకేమీ చెప్పకు."

అన్సోమర్ పొద్దు వాలకముందే వచ్చాడు. నల్లటి పొడుగు జుట్టు భుజాల మీద పడి, అచ్చం అన్నలాగే గుమ్మంలో వొంగి లోపలికొచ్చాడు. చావడి రెండు వైపుల బంటులతో నిండిపోయింది. వుల్ఫ్రాద పిల్లాణ్ణి ఉన్ని కంబళిలో చుట్టి ఎత్తుకొచ్చి, వాళ్ల నాన్న కూర్చునే పీట మీద కూర్చోబెట్టింది. వాడి తల గెర్సిండ చేతుల్లో వాలిపోయింది.

"మరిదీ, నీ వైద్యుడు మంచివాడు. జుట్టు తీస్తే బతుకుతాడన్నాడు" అంది అందరికీ వినిపించేలా.

అన్సోమర్ తలూపాడు. "తీసెయ్యి వదినా. ప్రాణం కన్నా ఎక్కువా? తల్లి చేత్తో తీస్తే ఎవరూ నోరెత్తరు."

"తల్లి చేత్తోనే తియ్యాలని నీకెవరు చెప్పారు? వైద్యుడు ఈ గడప దాటలేదే."

అన్సోమర్ భుజం మీది జుట్టు వెనక్కి తోసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "చట్టం అదే కదా వదినా. పసిపిల్లలకి కూడా తెలుసు."

నిజమే. పసిపిల్లలకి కూడా తెలుసు. వుల్ఫ్రాద ఆ మాటని లోపల ఒక మూల దాచి పెట్టుకుంది.

"నేను ఆడదాన్ని. పైగా ఉన్ని దువ్వుకుని బతికినదాన్ని" అంది. "వీడి నాన్న లేడు. నాన్న రక్తం నీలోనే ఉంది. నా ఇష్టంతో, ఇంతమంది ముందు అడుగుతున్నాను. తొలి కత్తెర నువ్వు వెయ్యి." కత్తెర పిడి అతని వైపు తిప్పి చాపింది.

చావడిలో గుసగుసలు లేచి అణిగాయి. దగారిక్ గొంతు ఒక్కటే వినిపించింది. "వెయ్యి తమ్ముడూ. నాకు మీ నాన్న వేశాడు. నేనేమైనా చెడిపోయానా?"

ఎవరో నవ్వారు. అన్సోమర్ నవ్వలేదు. కత్తెరని చూశాడు, పిల్లాణ్ణి చూశాడు, బంటుల మొహాలు చూశాడు. వెయ్యనంటే పిల్లాడి చావు కోరుతున్నాడని అందరికీ తెలిసిపోతుంది. వేస్తే తండ్రి. వుల్ఫ్రాద అతని వేళ్ల వంకే చూస్తోంది.

"జుట్టు భుజాలు దాటేదాకా రాజ్యం ఎవరు చూస్తారు?" అన్నాడు చివరికి.

ఆమె ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది. "తండ్రి ఉండగా ఇంకొకళ్లెందుకు చూస్తారు? దాటిన రోజున కొడుకుని డాలు మీద నిలబెట్టేదీ తండ్రే."

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎడమ జడ పట్టుకుని కత్తెర నొక్కాడు. రాజుబిడ్డ జుట్టు తెగిన చప్పుడు ఎండుగడ్డి నమిలినట్టు వినిపించింది. "ఈనాటి నుంచి వీడు నా కొడుకు" అన్నాడు. గొంతు జీరబోయింది. అది నటనైతే గొప్ప నటన. అతనికి పిల్లలు లేరు. ఇద్దరు భార్యల్ని చేసుకున్నా లేరు. కత్తిరించిన జడని కింద పడెయ్యకుండా అంగీలోపల దాచుకోవడం వుల్ఫ్రాద చూసింది. కొడుకు గుర్తుగానా, గెలిచిన గుర్తుగానా? ఎంత చూసినా ఆమెకి అంతుపట్టలేదు.

మిగతా జుట్టు గెర్సిండ తీసింది. వైద్యుడు పుండు కోసి కడిగి, తేనె పట్టించి కట్టు కట్టాడు. మర్నాడు పొద్దున్న మెరోబాద్ కళ్లు తెరిచి, తల తడుముకుని, "అమ్మా, చలేస్తోంది" అన్నాడు. ఆమె ముసుగు కప్పుకుని గోడ వైపు తిరిగి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత దంతపు దువ్వెన తీసుకెళ్లి గెర్సిండ ఒళ్లో పెట్టింది.

"దువ్వడానికి ఏముందని ఇప్పుడు?" అంది గెర్సిండ.

"మొలుస్తుంది. రోజూ చెయ్యి పెట్టి చూడు."

మధ్యాహ్నానికి అన్సోమర్ స్వయంగా వచ్చాడు. చేతిలో మట్టిగిన్నె. పాలల్లో ఉడికించిన బార్లీ, పైన తేనె.

"నా వంటవాడి చేత చేయించాను. నా కొడుక్కి."

మంచం కింద నుంచి బలిసిన కుక్క లేచి తోక ఊపుతూ అలవాటుగా వచ్చి నిలబడింది. వుల్ఫ్రాద దాన్ని కాలితో పక్కకి నెట్టింది. చెంచా గిన్నెలో ముంచి నిండుగా తీసి, మరిది నోటి ముందు పెట్టింది.

"తండ్రివి కదా. ముందు నువ్వు తిను."

అన్సోమర్ ఆమె కళ్లలోకి చూశాడు. పెదవుల మీద నవ్వు లాంటిది ఏదో మెదిలింది. నోరు తెరిచాడు.

ఆమె అతని గొంతు వంక చూస్తూ ఉంది. మింగాక కూడా చాలాసేపు చూసింది. అప్పుడు గిన్నె అందుకుని మంచం మీద కూర్చుంది.

"రేపు కూడా తెస్తావుగా మరిదీ" అంది, పిల్లాడి నోట్లో ముద్ద పెడుతూ. "రోజూ తేవాలి. జుట్టు భుజాలు దాటేదాకా."