రాజుగారి రోజువారీ బండి

డ్రైవరు గంగరాజు పికప్ ముందు సీటు కింద మూడు అగరొత్తులు వెలిగించి, తలుపులు మూసి బయట నిలబడ్డాడు. రోజూ జరిగే పూజే. దేవుడికి కాదు, వాసనకి. పదిహేడేళ్లుగా కొల్లేటి చేపలు మోసిన బండి అది. కొల్లేటికోటలో బయల్దేరితే ఆకివీడులో పిల్లులు ఒళ్లు విరుచుకుని లేచేవట. ఒక పిల్లి ఆ బండి వెంట నడిచీ నడిచీ కాళ్లరిగిపోయి ఎలకంత అయిందని కూడా చెబుతారు గానీ, అది గంగరాజు పుట్టించిందే. అగరొత్తులతో వాసన పోయేది కాదు. చచ్చిన చేపకి దినం పెట్టినట్టుండేది, అంతే.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎప్పుడూ కిటికీ మీద ఆనించి ఉంచడం వల్ల కుడి మోచెయ్యి ఎడమదానికంటే రెండు వన్నెలు నలుపు. మెడ కాస్త వెనక్కి తిరిగే ఉంటుంది. చెరువు గట్ల మీద బండిని ముందుకి నడిపినదానికంటే వెనక్కి నడిపిందే ఎక్కువ మరి.

ఇవాళ ఆ బండిని మార్చేస్తున్నారు. చేపల చెరువుల యజమాని నరసరాజు గారు తాడేపల్లిగూడెం షోరూములో పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటారు. కొత్తది కూడా పికప్పే అయితే గంగరాజు ఉంటాడు. ఎస్‌యూవీ అయితే రాజుగారబ్బాయి వినయ్ తనే నడుపుకుంటాడు, గంగరాజు ఇంటికి పోతాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అనడానికి అదేమంత సంగతని?

ఎస్‌యూవీ మాట పుట్టింది గూడెంలోనే, ఒక కల్యాణమండపం గేటు దగ్గర. ఆవేళ అద్దె కారు రాక, రాజుగారి భార్య రత్నమాణిక్యం గారు పట్టుచీరతో, మెడలో పావుకేజీ బంగారంతో పికప్పులోనే పెళ్లికెళ్లారు. వాచ్‌మన్ చెయ్యి అడ్డంపెట్టి, "వంట సామాన్లు వెనక గేటండీ" అన్నాడు. ఆవిడ గాడిపొయ్యి పక్కనుంచి, వంకాయలు తరిగేవాళ్ల మధ్యనుంచి పెళ్లిలోకి నడిచారు. దారిలో ఒక వంటామె ఆపి, "గుత్తొంకాయకి నూనె చాలదండీ, ఎప్పుడు పంపిస్తారూ?" అని అడిగింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో పికప్ అన్నమాట బూతు కింద లెక్క.

షోరూముకి అమ్మగారూ, వినయ్ కూడా వచ్చారు. ఎస్‌యూవీ తవుడు తిన్న దున్నపోతులా నిగనిగలాడుతోంది. సేల్స్ కుర్రాడు ఏసుకుమార్ టై సర్దుకుని, "పైన సన్‌రూఫండి, రాజుగారండి. నిలబడి ప్రపంచమంతా చూడొచ్చండి" అన్నాడు.

"కొంగ రెట్టేస్తే ఎక్కడ పడద్దండీ?" అని వినయంగా అడిగాడు గంగరాజు.

రాజుగారు నిలబడి ప్రపంచాన్ని చూశారు. బొజ్జ దగ్గర ఇరుక్కుపోయారు. ఇద్దరు మనుషులు కాళ్లు పట్టి కిందికి లాగారు. "బావుంది" అన్నారు దిగి, చొక్కా సర్దుకుంటూ. తరవాత కుర్చీలో వాలి, "ఏవోయ్ గంగరాజూ, రోజూ వాడకానికి ఏది మేలంటావ్?" అన్నారు.

"పికప్పేనండి. చేపల మేతకి తవుడు బస్తాలు రోజూ ఉంటాయండి, పెళ్లిళ్లు నెలకోటండి."

"సీట్లు మడిస్తే పదిహేను బస్తాలు పడతాయి నాన్నా" అన్నాడు వినయ్, ఫోన్లోంచి తలెత్తకుండా.

"పడతాయండి బాబూ. మన గట్టు మలుపు దగ్గరే తిరగదండి. ఒళ్లు పెద్దదండి దీనికి. చెరువులోకి దిగిపోద్దండి, ఆయ్."

రాజుగారు ఏసుకుమార్ వైపు తిరిగి నవ్వారు. "చూశావా? బండి ఒళ్లు గురించి కాదయ్యా వీడి బాధ. జీతం పోద్దని!"

ఏసుకుమార్ టై పట్టుకుని మరీ నవ్వాడు. గంగరాజు చెప్పింది నిజం. జీతం పోతుందన్నదీ నిజమే. అందుకే మొదటి నిజం ఎవరికీ వినపడలేదు.

"పోనీ, అడుగు. పికప్పే కొనండి రాజుగారూ అని నోరు తెరిచి అడుగు, కొంటాను" అన్నారు ఆయన, కొబ్బరికాయ కొడితే కరిగే దేవుడిలా.

అడిగితే కొనేవారే. గంగరాజుకి తెలుసు. ఆయన కుర్చీలో వాలిన తీరు చూశాడు, అమ్మగారి ముడిచిన మూతి చూశాడు, ఇంకా సన్‌రూఫ్ రబ్బరు నలుపు అంటుకునే ఉన్న ఆయన చొక్కా చూశాడు. అడుక్కోవడానికి మనసొప్పలేదు.

"పెద్దకారే కొనుక్కోండి" అన్నాడు. "మీకదే సరిపోద్దండి."

అందులో ఉన్న ఎగతాళి అక్కడెవరికీ అందలేదు. రత్నమాణిక్యం గారైతే పదిహేడేళ్లలో మొదటిసారి అతనికేసి మెచ్చుకోలుగా చూశారు.

కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. గంగరాజు పాత బండి తాళం ఏసుకుమార్ చేతిలో పెట్టాడు.

"వెనక ఎక్కవోయ్" అన్నారు అమ్మగారు. "సీటుకి ప్లాస్టిక్ కవరు తియ్యలేదుగా, ఫరవాలేదు."

"వద్దండి. చింతలపూడి పోతానండి, మా అమ్మాయి సత్యవేణి దగ్గరికి. పామాయిల్ గెలల ట్రాక్టరుకి మనిషి కావాలందండి."

"మంచిది" అన్నారు రాజుగారు, వాచీ చూసుకుంటూ. ముహూర్తం దాటిపోతోంది. గంగరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. ఎవరూ చూడలేదు.

సాయంత్రం వినయ్ సీట్లు మడిచి, పదిహేను బస్తాల తవుడు వేసుకుని చెరువు గట్టెక్కాడు. మలుపు దగ్గర కారు ఆగింది. ముందుకి చోటు లేదు, వెనక్కి ధైర్యం లేదు. గట్టంచున ఒక వెదురు గెడ పాతి ఉంది. దాన్ని గంగరాజు ఏ ఏడు పాతుకున్నాడో, చక్రం దానికి ఏ పక్కనుంచి ఎన్ని జానల దూరంలో పోవాలో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అతన్నెవరూ అడగలేదు. గెడకి కట్టిన ఎర్రగుడ్డ పీలిక కొల్లేటి గాలికి కాసేపు కుడికీ, కాసేపు ఎడమకీ ఎగురుతూ ఉంది.