కిటికీ వైపు పట్టె

నేను ఒక పందిరి మంచాన్ని. దోమతెర కట్టే పందిరి ఎప్పుడో ఊడిపోయింది, మంచాన్ని మాత్రం మిగిలాను. విశాఖపట్నం పాతపట్నంలో, సముద్రం కనిపించకపోయినా ఉప్పుగాలి తప్పని ఒక సందులో, పెంకుల మేడ ఒకటుంది. దాని గుమ్మానికి ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ అని బోర్డు. దిగినవాళ్ళంతా పొద్దున్న పెట్టే పూరీల గురించే చెప్పుకుంటారు గాని, బోర్డు మీద మొదటి మాట నాదేనన్న సంగతి ఎవరికీ పట్టదు. మనుషులు అంతే. ఎవరి వీపు మీద నిద్రపోయారో వాళ్ళని తలుచుకోరు.

నన్ను చేసింది మామా అల్లుళ్ళు. రంగూన్ నుంచి ఓడలో దిగిన టేకుతో, ఓడల కంపెనీ దొర ఒకాయన కోసం చేశారు. మేడ మెట్లు ఎక్కనంత వెడల్పు నాది. అందుకని విడివిడిగా మోసుకొచ్చి గదిలోనే బిగించాలి. ఏ పక్కపట్టె కొస ఏ మంచంకోడులో దిగాలో మర్చిపోకుండా మామ రెండింటి మీదా ఉలితో ఒకే గుర్తు పెట్టాడు. తీరా బిగించే రోజున, పుట్టింట్లో ఉన్న భార్యని ఎప్పుడు పంపుతావని అల్లుడు అడిగాడు. మాటా మాటా పెరిగింది. మామ విసురుగా కిందకి దిగిపోయాడు. అల్లుడు ఆ కోపంలో గుర్తులు చూసుకోకుండా కిటికీ వైపు పట్టెని అటుది ఇటు తిప్పి కొట్టేశాడు. అప్పటినుంచీ ఆ వైపు ఎవరు కూర్చున్నా ఊరుకుంటాను. లేచారా, కిర్రుమంటాను. పెళ్ళాం రాని మొగుడి ఉడుకుమోతుతనం నా ఒంట్లో అలా ఉండిపోయింది.

దొర నా మీద పడుకుని తన దేశంలో కురిసే వాన కోసం బెంగపెట్టుకున్నాడు. ఆయన తర్వాత మేడ కొన్న ప్లీడరు నా మీద పడుకుని దొర హోదా కోసం బెంగపెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇల్లు ఒక బడిపంతులు చేతికొచ్చింది. ఆయన కూతురు ఎస్తేరమ్మ పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాక, ఖాళీ గదుల్లో తన అడుగుల చప్పుడు తానే వినలేక, ఆ బోర్డు కట్టించింది.

అలా వచ్చినవాళ్ళే సన్యాసిరావు, నూకరత్నం. పాలకొండలో అన్నదమ్ములందరిదీ కలిపి ఒకే కిరాణా కొట్టు, కలిపి ఒకే ఇల్లు. పేరుకి సన్యాసి గాని, భార్యతో ఒక పూట ఒంటరిగా కూర్చోవాలని ఆ మనిషికి ఎంత ఆశో నాకు తెలుసు. ఆ ఇంట్లో వాళ్ళకంటూ గది లేదు. ఆయన కొట్టులో బస్తాల పక్కన, ఆవిడ ఆడవాళ్ళతో నడవలో. అందుకే ఏటా కొట్టుకి సెలవిచ్చినప్పుడు, కంటి డాక్టరుకి చూపించుకోవాలని ఇంట్లో చెప్పి ఇక్కడికి వచ్చేవారు. ఆయన కళ్ళకి ఏ జబ్బూ లేదు.

కొట్టు తెరిచే అలవాటు కాబట్టి ఆయనకి తెల్లారకుండానే మెలకువ వచ్చేది. కిటికీ వైపు నుంచి లేచేవాడు. నేను కిర్రుమనేదాన్ని. గోడవైపు పడుకున్న నూకరత్నానికి దాంతో మెలకువ వచ్చేది, కాని కళ్ళు తెరిచేది కాదు. పాలకొండలో ఇంటిల్లిపాదికీ కాఫీ కలిపేది ఆవిడ. ఇక్కడ మాత్రం ఆయన కిందకెళ్ళి, ఎస్తేరమ్మని అడిగి, కప్పు తొణక్కుండా ఒక్కో మెట్టూ చూసుకుంటూ తెచ్చేవాడు. గదికి చేరేసరికి కాఫీ చల్లారిపోయేది. “రత్నం, లెగు. కాఫీ,” అనేవాడు. ఆవిడ అప్పుడే లేచినట్టు నటించి, వేడివేడిది తాగినట్టు ఊదుకుంటూ తాగేది. ఇన్నేళ్ళలో నేను చూసిన సంసారాలన్నిటిలోకీ నాకు అదే నచ్చింది.

ఒక ఏడు వాళ్ళు రాలేదు. నేను ఎదురుచూశాను. మంచానికి ఎదురుచూపేమిటి అంటారేమో. రోజంతా కదలకుండా పడుండేవాళ్ళకి అది తప్ప ఇంకేం పని?

ఆ ఏడే దిగినవాళ్ళు ఫోనుల్లో నా మీద ఫిర్యాదులు రాయడం మొదలుపెట్టారు. గది బాగుంది, పూరీ బాగుంది, మంచం అరుస్తోంది అని. ఎస్తేరమ్మ నొచ్చుకుని వడ్రంగిని పిలిపించింది. అతను కిటికీ వైపు పట్టె సందులో ఒక చెక్క బద్ద దిగ్గొట్టాడు. అంతే, నోరు పడిపోయింది.

మరుసటి ఏడు నూకరత్నం ఒక్కతే వచ్చింది. నుదుట బొట్టు లేదు. “ఆ గదే ఇస్తావా అమ్మా?” అని మెట్ల దగ్గర అడగడం పై దాకా వినిపించింది. వచ్చి గోడవైపే పడుకుంది. కిటికీ వైపు దుప్పటి ముడత పడకుండా అరచేత్తో సర్దింది. ఏం వినాలని వచ్చిందో నాకు అర్థమైంది. వినిపించడానికి నా దగ్గర అదిప్పుడు లేదు.

తెల్లవారింది. చెయ్యి చాపి కిటికీ వైపు పట్టెని నొక్కి చూసింది, వదిలింది. మళ్ళీ నొక్కింది. లేచి అటువైపు వెళ్ళి కూర్చుని, లేచి చూసింది. నా శక్తి కొద్దీ పెనుగులాడాను. ఊహూఁ.

ఎండెక్కినా ఆవిడ కిందకి దిగకపోయేసరికి ఎస్తేరమ్మ పైకి వచ్చింది.

“ఏటి పిన్నిగారూ, టిఫినుకి రాలేదు? ఒంట్లో బాగోలేదా?”

“మంచం అరవడం నేదమ్మా.”

“అదా! బాగు చేయించీసానండి. మీ నిద్ర పాడవకూడదని.” ఎస్తేరమ్మ ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది, ఎదుటి ముఖం చూసి.

“ఆయన లెగిస్తే అరిచీది. అప్పుడింక కాఫీ వస్తాదని తెలిసీది నాకు,” అంది నూకరత్నం. “పోయి ఏడాదైపోనాది. ఆ ఇంట్లో అందరూ నా చుట్టూనే ఉంటారు. మంచోళ్ళే. గాని ఒక్కదాన్నే ఏడవడానికి ఒక తలుపు నేదమ్మా. ఆ చప్పుడొకసారి ఇనీసి ఎలిపోదామని వచ్చినాను.”

ఎస్తేరమ్మ కిందకెళ్ళి కొబ్బరి ఊడదీసే చాకు తెచ్చింది. నేల మీద చతికిలబడి, చెమటలు కక్కుతూ, నా సందులోంచి బద్దని కొంచెం కొంచెంగా పెకలించింది. చేతికి గీసుకుపోయినా ఆగలేదు.

“పడుకోండి పిన్నిగారూ. మీ వైపు, గోడకేసి తిరిగి పడుకోండి,” అంది.

నూకరత్నం గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. ఎస్తేరమ్మ కిటికీ వైపు కూర్చుంది. తర్వాత లేచింది.

కిర్రుమన్నాను. పాత గొంతే.

నూకరత్నం కళ్ళు తెరవలేదు. అడుగులు మెట్లు దిగాయి. చాలాసేపటికి మళ్ళీ ఎక్కాయి, ఒక్కొక్కటిగా, మెల్లగా. ఎస్తేరమ్మ కప్పు స్టూలు మీద పెట్టింది. పేరు పెట్టి పిలవలేదు. బయటకి నడిచి తలుపు దగ్గరగా లాగింది.

తలుపు పడ్డ చప్పుడు విన్నాక నూకరత్నం ఏడ్చింది. దిండు అడ్డం పెట్టుకోకుండా, ఎవరైనా వింటారన్న జంకు లేకుండా, కడుపారా ఏడ్చింది. నేను ఊపిరి బిగబట్టి మోశాను.

ఆ తర్వాత లేచి కూర్చుని కప్పు అందుకుంది. కాఫీ చల్లారిపోయింది. ఊదుకుంటూ తాగింది.