షేక్‌పేటలో వేసిన చైనా

యాత్ర మాట ఎత్తింది తమ్ముడు సత్యనారాయణమూర్తే. వెంగళరావు నగర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన జ్ఞానప్రసూనాంబ రిటైరైన రోజు, ఆ తమ్ముడు శాలువా కప్పి, ఎక్కడికెళ్లాలనుందో చెప్పక్కా, తీసుకెళ్తానన్నాడు. ఆమె ఆలోచించలేదు. షియాన్ అంది. మన ధాన్యకటకం దాకా వచ్చి చదువుకుని వెళ్లిన చైనా బౌద్ధ సన్యాసి హుయాన్‌త్సాంగ్, ఈ దేశం నుంచి గుర్రాల మీద మోయించుకుపోయిన పుస్తకాలు దాచడానికి కట్టించిన గోపురం ఆ ఊళ్లో ఉంది. ధాన్యకటకం అంటే ఇప్పటి అమరావతే, అక్కాతమ్ముళ్లు పుట్టిన ఊరు దాని పక్కనే. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పిన మనిషి, ఒకసారి ఆ గోపురం ముందు నిలబడాలనుకుంది. మూర్తి సరేనన్నాడు. షియాన్ ఎక్కడుందని అడగలేదు.

మూర్తి సినిమా నిర్మాత. సినిమా అయినా, కూతురి పెళ్లయినా, ఇంటికి రంగులు వేయించడమైనా ఆయన తేల్చే పద్ధతి ఒక్కటే. ఫిలింనగర్ ఆఫీసులో సిట్టింగ్ పెట్టిస్తాడు. రైటర్ బాబీ కథ చెప్పాలి, మేనేజర్ హనుమంతు అది కుదిరేదీ కుదరనిదీ చెప్పాలి, మిగతావాళ్లు టిఫిన్ తినాలి. చైనా యాత్రకీ సిట్టింగే వేశారు. వీసా పని ఉందని హనుమంతు ఆమె పాస్‌పోర్టు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టాడు.

బాబీ చైనా చూడలేదు. అది అతనికి అడ్డం కాలేదు. ఇంట్రడక్షన్ చైనా గోడ మీద పడాలన్నాడు. గోడ మీద మూర్తిగారు నడిచొస్తుంటే డ్రోన్ పైనుంచి దిగాలి. ఇంటర్వెల్ చక్రవర్తి సమాధికి కాపలా పెట్టిన మట్టి సైనికుల దగ్గర. క్లైమాక్స్ షాంఘైలో, లైట్లు వెలిగాక. సెలవుకి వెళ్తున్నామో రిలీజుకి వెళ్తున్నామో ప్రసూనాంబకి అర్థం కాలేదు.

దాన్నంతా హనుమంతు షెడ్యూలు చేశాడు. షూటింగులో ఒకే డ్రెస్సున్న సీన్లన్నీ కలిపి ఒకేసారి తీసేస్తారు. యాత్రకీ అదే లెక్క. పట్టుపంచె కట్టుకునే గుళ్లన్నీ ఒక రోజు, జీన్స్ వేసుకునే చోట్లన్నీ ఇంకో రోజు. పొద్దున చూసే గుడి ఒక నగరంలో, మధ్యాహ్నం చూసే గుడి దేశానికి ఆ చివర. నడుమ దూరం సంగతేమిటని ఆమె అడిగింది.

"కట్ చేస్తే గాడుంటమమ్మా" అన్నాడు హనుమంతు.

గోపురం మాత్రం ప్రతి సిట్టింగులోనూ ఎగిరిపోతోంది. మొదట లెంగ్త్ ఎక్కువైందన్నారు. తర్వాత, అక్కడ ల్యాగ్ ఉందన్నాడు బాబీ. మట్టి సైనికులున్నదీ షియాన్ దగ్గరే, ఎలాగూ అంతదూరం వస్తున్నారు కదా అని ఆమె చెప్పి చూసింది. అయితే అస్సలు కుదరదట. ఒకే ఊళ్లో రెండు హైలైట్లు పడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయట. ప్రసూనాంబ క్లాసులో వెనక బెంచీలతో వేగిన మనిషి. ఆ బెంచీలన్నీ ఇప్పుడు ఒక్క ఏసీ గదిలో దొరికాయనుకుంది.

చివరికి ఆమెకి ఒక సంగతి బోధపడింది. ఈ గదిలో విషయం చెల్లదు, సీను చెల్లుతుంది. తర్వాతి సిట్టింగులో తనే అందుకుంది. దేశం దాటొద్దని రాజు ఆజ్ఞ. దొంగచాటుగా దాటాడు ఒక సన్యాసి. ఎడారిలో నీళ్లతిత్తి చేజారి ఇసుక పాలైంది. వెనక్కి తిరిగాడు, కొంతదూరం పోయాడు, ఆగాడు. మళ్లీ పడమటికే నడిచాడు. ఏళ్ల తర్వాత గుర్రాల నిండా పుస్తకాలతో తిరిగొస్తే, వద్దన్న ఆ కొలువే ఎదురొచ్చింది.

బాబీ కాఫీ కప్పు కింద పెట్టాడు. హనుమంతు ఫోన్ బోర్లించాడు. మూర్తి కళ్లు తుడుచుకున్నాడు. ప్రసూనాంబ గెలిచాననుకుంది.

"ఇన్నాళ్లూ ఈ కథ ఎక్కడ దాచావక్కా?"

"స్కూలు పుస్తకంలోనే ఉందిరా. ఆ రోజు నువ్వు మ్యాట్నీకి పోయుంటావు."

ఆ పూటే యాత్ర ఆగిపోయింది, సినిమా మొదలైంది. విమానం ఎక్కాల్సిన రోజుకే ముహూర్తం కుదిరింది. సన్యాసికి ఎడారిలో ఒక రాకుమారి, పట్నంలో ఇంకో రాకుమారి తగిలారు. రాజు విలనయ్యాడు. పుస్తకాలు చూపిస్తే జనం నిద్రపోతారని, వాటి స్థానంలో ఒక ఖడ్గం వచ్చింది. ప్రసూనాంబ అడిగినప్పుడల్లా మూర్తి, సినిమా కానీయ్ అక్కా, అందరం కలిసి పోదామన్నాడు.

ఒక ఉదయం ఆమెని కారెక్కించుకుని షేక్‌పేట తీసుకెళ్లాడు. పాత సినిమాకి వేసిన కోట బురుజు మీద అంతస్తులు లేపి, ఇటుకరంగు పూశారు. బాబీ, హనుమంతు ముందే వచ్చి ఉన్నారు. వెనక ఫ్లైఓవర్ మీద బస్సులు పోతున్నాయి.

"చూడక్కా. వీసా లేదు, విమానం లేదు, మోకాళ్ల నొప్పి లేదు. నీ గోపురమే నీ దగ్గరికొచ్చింది."

ఆమె దగ్గరికి నడిచి, వేలి కణుపుతో గోడని కొట్టింది. ప్లైవుడ్ పలికింది. తలుపు తోసి చూస్తే లోపల వెదురు కర్రలు, రంగు డబ్బాలు ఉన్నాయి.

"పుస్తకాలేవిరా?"

"కెమెరా లోపలికెళ్లదండీ" అన్నాడు బాబీ.

ఆమె హనుమంతు వైపు తిరిగి పాస్‌పోర్టు ఇమ్మంది.

"గిప్పుడెందుకమ్మా? మనం పోతలేము గదా."

"మీరు పోవట్లేదు."

మూర్తి నవ్వబోయి, అక్క ముఖం చూసి మానుకున్నాడు. ఒక్కదానివే ఎలా వెళ్తావన్నాడు. ట్రావెల్ ఏజెంటుతో మాట్లాడానని చెప్పింది. ఈ సినిమా అయ్యేదాకా ఆగమన్నాడు. ఆగనంది.

"అది కాదక్కా, నీ మాట అక్కడ ఒక్కడికీ అర్థం కాదు."

"అలవాటైందిలేరా. నీ ఆఫీసులో కూర్చున్నాగా."

ఆమె వెళ్లి కార్లో కూర్చుంది. హనుమంతు జేబులో బీరువా తాళంచెవి వెతుక్కుంటూ వెనకే వచ్చి, డ్రైవర్‌ని ఆఫీసుకి పోనిమ్మన్నాడు.