సింహాచలం అనని మాట

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమిషన్ వ్యాపారి బంగారయ్య షెడ్డు ముందు రైతు సింహాచలం తెచ్చిన బెల్లం దిమ్మలు ఉన్నాయి. పక్క కుప్పలకు వేలం అయింది. ఈ కుప్ప దగ్గర బంగారయ్య ఆగలేదు.

కారణం ఒక వెబ్‌సైట్. చెరకు రైతుల కోసం రాబోతున్న యాప్‌కు అది ప్రచారం. అందులో సింహాచలం ఫొటో, పేరు, ఊరు ఉన్నాయి. కింద ఇలా ఉంది: "ఇన్నాళ్లూ దళారులు నా కష్టాన్ని దోచుకున్నారు. ఇప్పుడు నా బెల్లానికి నేనే రాజును." యార్డులో అందరి ఫోన్లకూ అది చేరింది. దిమ్మలు మోసే కలాసీలు బంగారయ్యను "దళారి గారూ" అని పిలిచి నవ్వారు.

సింహాచలం ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు.

ఆ పేజీ గీసింది షైనీ. రింగ్ రోడ్డులో ధనరాజ్ నడిపే ఆఫీసులో డిజైనర్. సింహాచలం బెల్లం వండే చోటికి వెళ్లి, అడిగి, ఫొటో తీసుకుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు తగిలించుకోవచ్చు. దానంతట అది చేయలేని పనులు అవి చేస్తాయి. ఖాళీల్లో మాటలు నింపే ప్లగిన్‌ను షైనీ నడిపింది. అసలు మాటలు వచ్చేదాకా జాగా ఎంత పడుతుందో చూడడానికి అలా నింపుతారు. తర్వాత తీసేస్తారు. ఆమె తీసేలోపు ధనరాజ్ ఫైలును వెబ్‌సైట్‌కు ఎక్కించే ప్లగిన్ నొక్కాడు.

"తీసేద్దాం సార్. అది ఉత్తుత్తి మాట" అంది షైనీ.

"క్లయింట్‌కి అదే నచ్చింది. ఎమోషన్ ఉందన్నారు."

ధనరాజ్ సమోసా తింటున్నాడు. ఆ వేళ్లతోనే ఆమె మౌస్ పట్టుకున్నాడు. షైనీ కుర్చీ వెనక్కి జరిపింది.

ఆమె యార్డుకు వెళ్లింది. సింహాచలం షెడ్డు దగ్గరే ఉన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమె చెబితే బంగారయ్య కుర్చీలోంచి లేవకుండానే విన్నాడు.

"మెషీన్ రాసిందా? మెషీన్‌కి నామీద ఏటమ్మా కోపం?"

"దానికి మీరెవరో తెలీదండి. నేను తీయకుండా వదిలేసేను."

"ఫొటో ఈడిది, పేరు ఈడిది, నోరు మాత్రం మెషీన్‌దా? బాగుంది సెప్పడం."

సింహాచలం అప్పుడు మాట్లాడాడు. "సావుకారూ, మా నాన్న నాటినుంచీ మీ సెడ్డుకే వత్తన్నాం. తిడితే సావుకారని తిడతాను గానీ, దళారంటానేటి? ఆ మాట మా ఊళ్లో ఎవుడి నోట్లోనైనా తిరుగుద్దా?"

"తిడతావన్నమాట!"

"మొన్న తూకం కాడ తిట్టేను గదా, మీ ఎదురుగానే."

కలాసీలు నవ్వారు. బంగారయ్య కూడా నవ్వాడు.

"నిజవే. దళారన్నది పేపరోళ్ల మాట. సరే పాపా, రేపు పొద్దున్నకి అది తీయించు. ఈడి దిమ్మలు వేలంలో పెడతాను. ఈ సెమ్మకి ఇంకొన్నాళ్లుంటే కారిపోతాయి."

తీయించేస్తానని మాటిచ్చి షైనీ ఆఫీసుకు వచ్చింది, ధనరాజ్‌కు ఇదంతా చెప్పింది. ఆ మాట దొంగదని ఇక్కడ ఎవరికైనా తెలిసిపోతుందని, రైతులు సావుకారు అంటారని చెప్పింది. ధనరాజ్ నమలడం ఆపాడు.

"సావుకారు! సూపర్ షైనీ. లోకల్ టచ్ మిస్సయిందని నాకూ అనిపించింది."

అతడు మాటలు మార్చే ప్లగిన్ తెరిచాడు. దళారులు ఉన్న ప్రతిచోటా సావుకార్లు అని పెట్టాడు. మిగతా వాక్యాన్ని యాసలోకి మార్చే ప్లగిన్‌కు ఇచ్చాడు. అది "ఇన్నాళ్లూ సావుకార్లు మా కష్టం దోసేసేరు" అని ఇచ్చింది. ధనరాజ్ పైకి చదివి పెదాలు నాక్కున్నాడు.

"సార్, ఆయన బెల్లం అమ్ముడవదు."

"అవకపోతే మన యాప్‌లో అమ్ముకుంటాడు. మంచిదేగా?"

షైనీ తన సిస్టమ్‌లో ఆ ఫొటో, ఆ మాట డిలీట్ చేసింది. ధనరాజ్ తన సిస్టమ్‌లోంచి వెనక్కి తెచ్చి, ఫైలులో ఆమె మార్పులు చేయకుండా తాళం వేసి, వెబ్‌సైట్‌కు ఎక్కించాడు. షైనీ బాత్రూమ్‌కు వెళ్లి ఉమ్మింది. మళ్లీ ఉమ్మింది.

మర్నాడు పొద్దున్న సింహాచలం ఫోన్ చేశాడు. వెనక దిమ్మలు ఆటోలోకి ఎక్కిస్తున్న చప్పుడు.

"తీయించేత్తానన్నావు గదా పాపా."

"తీయనివ్వలేదు బాబాయ్."

"సావుకారు అందరి ముందూ సదివించేడు. ఈసారి ఎవుడూ నవ్వలేదు. అచ్చం నా మాటలాగే ఉందమ్మా. నేనే ఎక్కడన్నా అన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. నేను కాదని ఏటని సెప్పను?"

అవతల ఆటో స్టార్టయింది.

"ఎలమంచిలి పక్క ఎవుడన్నా కొంటాడేమో సూత్తాను" అన్నాడతను. "అక్కడోళ్లకి ఫోన్లు లేవంటావా?"