శుక్రవారం అయిదింటిదాకా వారంటీ

ఐలా బండికి కంపెనీ ఇచ్చిన వారంటీ ఏప్రిల్ ఆఖరి శుక్రవారం సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. ఆ తేదీ ఆమెకు తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. మోటార్‌సైకిల్ వారంటీ ఎప్పుడైపోతుందా అని రెండేళ్ల పాటు రోజులు లెక్కపెట్టిన మనిషి ఫిన్లాండ్ మొత్తానికీ ఈమె ఒక్కతే అయివుంటుంది. ఎవరైనా అప్పుడే అయిపోతోందే అని బాధపడతారు. ఈమె ఎంతకీ అయిపోవడం లేదే అని బాధపడింది.

దానికి కారణం తైస్తో. సూవరి సరస్సు ఒడ్డున ఒక రేకుల షెడ్డులో బళ్లు బాగుచేస్తాడు. భార్య పోయి పన్నెండేళ్లయింది. ఐలా పాత బండిని తొమ్మిదేళ్ల పాటు ప్రతి వసంతంలోనూ, రోడ్ల మీద మంచు కరగ్గానే, అతని దగ్గరికే తీసుకెళ్లింది. అతను నూనె మార్చి, గొలుసు బిగించి, బ్రేకులు చూస్తుంటే ఆమె బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తూ ఉండేది. మొత్తం మీద ఒక నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్లు, అవీ ఎక్కువగా బండి గురించే. కూలి కింద డబ్బు తీసుకునేవాడు కాదు. ఐలా చేతి కలకుక్కో ఒకటి చాలనేవాడు. చిన్న చేపలూ పంది కొవ్వూ లోపల పెట్టి, పైన రై ధాన్యపు పిండితో మూసి, రోజంతా సన్నసెగ మీద కాల్చే రొట్టె అది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కాస్త పైకీ కిందికీ ఆడించి, “బరువుంది” అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఐలా ఏటా కాసిని చేపలు ఎక్కువే కూరేది.

ఆ రోజుల్ని పోగొట్టుకున్నది కూడా అతని నిజాయితీ వల్లే. రెండేళ్ల కిందట పాత బండి కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. తుప్పు పొరలు పొరలుగా రాలింది. “ఇది ఎక్కడో నిన్ను పడేస్తుంది. కొత్తది కొనుక్కో” అన్నాడు. ఇంకో ఏడాది నెట్టుకొస్తానని ఐలా నసిగింది. ఆ మాట అతను వినిపించుకోలేదు. కొత్తది కొంది. కొత్త బండి సర్వీసు షోరూమ్ వాళ్లే చెయ్యాలి, పుస్తకంలో ముద్ర వాళ్లే వెయ్యాలి. ఇక తైస్తో దగ్గర ఆమెకేం పని?

ఆ ప్రాంతంలో పని లేకుండా ఎవరూ ఎవరి గుమ్మం తొక్కరు. రంపం అడగడానికి వెళ్లొచ్చు, బంగాళాదుంపలు ఇవ్వడానికి వెళ్లొచ్చు, ఊరికే మాత్రం వెళ్లకూడదు. పోయిన ఏడాది మే నెలలో ఐలా అతని ఇంటి మలుపు దాకా వెళ్లి, ఇంజన్ ఆపకుండా కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది. “ఊరికే వచ్చాను” అనే మాట ఎంత కూడబలుక్కున్నా నోటికి రాలేదు. ఇంటికెళ్లి హెల్మెట్ బల్ల మీద పెట్టి, యాభై మూడేళ్ల మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమెకు ఆ చెక్కపెట్టె కావాలి. ఆ నాలుగు మాటలు కావాలి. మనసులో మాట దాచుకోవడం ఎందుకు, ఆమెకు ఆ మనిషి కావాలి.

వారంటీ ఒక్కటి తీరిపోతే బండికి స్వేచ్ఛ వస్తుంది, తనకు పని దొరుకుతుంది అనుకుని ఓపిక పట్టింది. ఇంకో పదిరోజులుందనగా క్వాపియో పట్నం షోరూమ్ నుంచి యూసో అనే కుర్రాడు ఫోన్ చేశాడు. ఐదువందల తొంభై యూరోలు కడితే వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగిస్తారట. శుక్రవారం అయిదింటిలోగా బండి తెచ్చి చూపించి సంతకం పెట్టాలి. సంతకానికి ముందైనా తర్వాతైనా బయటివాళ్లు ఒక్క బోల్టు తిప్పినా కాగితం చెల్లదు. ఆ మోడల్ బండి ఈ చుట్టుపక్కల మీ ఒక్కరి దగ్గరే ఉంది మేడమ్, జాగ్రత్తగా చూసుకోవాలి మరి, అని పొగిడాడు కూడా.

వద్దనెయ్యొచ్చు. కానీ ఐలా బడి వంటగదిలో పనిచేసే మనిషి, మిగిలిన రొట్టెముక్కలు కూడా పారెయ్యదు. లోపలి ఎలక్ట్రానిక్ డబ్బా పోతే తన నెల జీతం చాలదని ఆమెకు తెలుసు. మరోవైపు, ఏడాదిలో సగం మంచు కింద ముసుగు కప్పుకుని పడుకునే బండికి, ఆ నిద్రపోయే నెలలకు కూడా డబ్బు కట్టడమేమిటని ఒళ్లు మండింది. వద్దంటే తెలివితక్కువతనం, సరే అంటే ఇంకో రెండు వసంతాలు గల్లంతు.

గురువారం పిల్లలకు బఠాణీ సూప్ వడ్డిస్తూ, తోటి వంటమనిషి మిర్యాతో ఈ సంగతి చెప్పింది. మిర్యాకు ఐలా మనసు ఎప్పటినుంచో తెలుసు. గరిటె ఆపకుండానే తగులుకుంది.

“ఏమే, రెండేళ్లనుంచీ ఆ కాగితం పేరు చెప్పుకుని కూర్చున్నావ్. ఇంకో రెండేళ్లు కూర్చుంటావా? వెళ్లి ఆ మనిషినే అడుగు, కొనమంటావా వద్దంటావా అని. బళ్ల సంగతి నీకన్నా ఆయనకు తెలుసు కదా.”

ఐలా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అడగడం కూడా పనే. ఇన్నాళ్లూ ఇంత చిన్న సంగతి తోచనందుకు తన్ను తానే తిట్టుకుంది. ఆ సాయంత్రమే కలకుక్కోకి పిండి కలిపి, రాత్రంతా పొయ్యిలో ఉంచింది.

శుక్రవారం రెండింటికి వంటగది కడిగి బయటపడింది. క్వాపియో దక్షిణాన ఉంటే ఆమె ఉత్తరానికి తిరిగింది. చలికాలంలో చల్లిన కంకర ఇంకా రోడ్డు మీదే ఉంది, మలుపుల్లో బండి జారకుండా మెల్లగా నడిపింది. సరస్సు మీద మంచు పలక బూడిద రంగుకు తిరిగి, ఒడ్డున అక్కడక్కడ నీళ్లు కనిపిస్తున్నాయి.

తైస్తో షెడ్డు ముందే ఉన్నాడు. జుట్టు ఇంకా తెల్లబడింది. ముందు బండిని చూశాడు, చుట్టూ తిరిగి మళ్లీ చూశాడు, ఆ తర్వాత ఆమెను చూశాడు. అతని సంగతి తెలుసు కాబట్టి ఐలా ఏమీ అనుకోలేదు. కలకుక్కో మాత్రం బండి పెట్టెలోంచి తియ్యలేదు. పని జరగందే కూలి ఎలా ఇస్తుంది?

వచ్చిన పని చెప్పి, యూసో పంపిన షరతుల కాగితం చేతికిచ్చింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురులో నిలబడి, చీమల్లాంటి అక్షరాలు కూడా వదలకుండా చదవసాగాడు. కొనొద్దని చెప్పించు దేవుడా, ఒక్కసారి అబద్ధమైనా చెప్పించు, అని ఐలా లోపల మొక్కుకుంటూ షెడ్డులోకి చూసింది. అంతా అలాగే ఉంది. ఆమె చెక్కపెట్టె గోడవారగా బోర్లించే ఉంది. అరలో వరసగా నూనె ఫిల్టర్ల డబ్బాలు. చివరి దాని మీద పలచటి దుమ్ము. దుమ్ము కింద అతని పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక మోడల్ నంబరు.

అది ఆమె బండిదే.

“కొను,” అన్నాడు తైస్తో కాగితం మడిచి. “మంచి కాగితమే ఇది. ఆ ఎలక్ట్రానిక్ డబ్బా పోతే నేనేం చెయ్యలేను.”

“నువ్వైతే కొంటావా?”

“కొంటాను.” గోడ గడియారం వైపు చూశాడు. “మూడున్నర కావొస్తోంది. ఇప్పుడు బయల్దేరితే అందుతావ్.”

అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. పాత బండప్పుడూ ఇలాగే చెప్పాడు, తనకేం పోతుందో చూసుకోకుండా. ఐలా ప్రాణం ఉసూరుమంది. హెల్మెట్ చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ తెగింపు, తలతో అర వైపు చూపించి అడిగింది.

“ఆ చివరి డబ్బా ఎవరిది?”

తైస్తో వెనక్కి తిరిగి చూడలేదు.

“నీదే.”

“ఎప్పుడు తెచ్చావ్?”

“నువ్వు బండి కొన్న వారం. వాళ్లే చెయ్యాలన్న సంగతి అప్పటికి నాకు తెలీదు.”

“మరి తిరిగి ఇచ్చెయ్యలేకపోయావా?”

అతను గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతులకు అప్పుడేమీ అంటుకుని లేదు. క్వాపియో వైపు వెళ్లే పనేం పడలేదన్నాడు. అక్కడికి ప్రతి మంగళవారం విడిభాగాల కోసం వెళ్తాడని ఐలాకు తెలుసు.

ఆమె హెల్మెట్ కింద పెట్టింది. బల్ల మీంచి పదిహేడో నంబరు పానా తీసుకుని, బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నూనె దించే బోల్టు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, తొమ్మిదేళ్లు చూసింది.

“ఐలా,” అన్నాడతను. “అది తిప్పితే కాగితం చెల్లదు.”

“తెలుసు.”

ఆగమని మాత్రం అనలేదు. ఆమె బలమంతా పెట్టి తిప్పుతుంటే, కాలితో పళ్లెం నెట్టి ఇంజన్ కిందికి తెచ్చాడు. బోల్టు ఊడింది. వేడి నూనె ఆమె వేళ్ల మీదుగా కారి పళ్లెంలో పడింది.

“మొత్తం కారడానికి ఎంతసేపు పడుతుంది?” అని అడిగింది తల ఎత్తకుండా.

“వేడి మీదుంది, పావుగంట చాలు.” పళ్లెం ఇంకాస్త సర్దాడు. “తొందర్లేకపోతే ఇంకాసేపు వదిలెయ్యొచ్చు.”

“తొందరేం లేదు.”

తైస్తో లోపలికెళ్లి కాఫీ పెట్టాడు. ఐలా చెయ్యి తుడుచుకుని, బండి పెట్టెలోంచి కాగితాల్లో చుట్టిన కలకుక్కో తీసి అతనికిచ్చింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, కాస్త పైకీ కిందికీ ఆడించాడు.

“బరువుంది,” అన్నాడు.

ఐలా వెళ్లి తన చెక్కపెట్టె మీద కూర్చుని, తడికళ్లు అతనికి కనిపించకుండా కాఫీ కప్పులోకి వంగింది. అతను దుమ్ము ఊది ఆ డబ్బా విప్పాడు. ఫిల్టరు బిగించడానికి ఒకరు చాలు, అయినా ఇద్దరూ వంగి పట్టుకున్నారు. సరిగ్గా అయిదింటికి బల్ల మీద ఆమె ఫోన్ మోగింది, తెర మీద యూసో పేరు. ఇద్దరి చేతులకీ నూనె ఉంది. ఎవరూ ఎత్తలేదు.