దీపం పండుకున్నది

నేను బొగ్గుబాయిలో గాలి పరీక్షించే గ్యాసు దీపాన్ని. గనుల ప్రదర్శనశాలలో, గాజు పెట్టెలో ఉంటాను. నన్ను చూడవచ్చిన వారందరూ ఒకే మాట చెప్పుకుంటారు: రచయిత్రి వకుళాదేవి తలకు రుమాలు చుట్టుకుని, మగవేషంలో, నన్ను చేతబట్టి బొగ్గుబాయి దిగిందట. దిగకపోతే తన నవలలో లస్మయ్య చావును అలా ఎలా రాయగలిగింది, అని వారి తర్కం.

నా ఒళ్లు ఇత్తడి. మంట చుట్టూ మందపు గాజు, దానిపైన రెండు పొరల సన్నని తీగజాలీ. బయటి గాలి జాలీలోంచి లోపలికి వస్తుంది. లోపలి మంట మాత్రం బయటికి పోదు. గాలిలో మండే వాయువు ఉంటే నా మంటమీద లేత నీలి టోపీ నిలుస్తుంది. మొదటిసారి అది నా నెత్తిన నిలిచినప్పుడు నివ్వెరపోయాను. పాతిక కోట్ల ఏళ్లనాడు మట్టిలో కలిసిన అడవి ఊపిరి అది. ఇన్నాళ్లూ రాతిలో దాగి, వేలెడంత మంటమీద కనబడింది. గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతే మనిషికంటే ముందు నేనే ఆరిపోతాను. నా ఉద్యోగమే అది.

నన్ను ఎక్కువకాలం మోసినవాడు సర్దార్ దుర్గం లస్మయ్య. కూలీలకంటే ముందు వెళ్లి గాలి పరీక్షించడం సర్దార్ పని. ఒకనాడు ఉదయం షిఫ్టులో, పాత సొరంగం మలుపు దగ్గర అతను వంగి నన్ను నేలకు దించాడు. నేను ఆరిపోయాను. అతను మళ్లీ నిటారుగా నిలబడలేదు. వెనక ఇరవై అడుగుల దూరంలో ఉన్న తమ్ముడు మొండయ్య కేకలు వేస్తూ సాయం కోసం పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

దీపం ఆరిందనడం అశుభం. అందుకని ఇళ్లలో కొండెక్కిందంటారు. ఆ బాయిలో మాత్రం పండుకున్నది అనేవారు. విచారణలో మొండయ్య చెప్పింది అదే: “పండుకున్నది దొరా. అన్న మల్ల లేవలే.” వేరే ప్రాంతంనుంచి వచ్చిన గుమాస్తా, ఆ మాట లస్మయ్య గురించేననుకుని, చదువురాని కూలీకి లింగభేదం తెలియదనుకున్నాడు. దయతో సవరించాడు. కాగితంలో ‘సర్దార్ విధి నిర్వహణలో పండుకున్నాడు’ అని పడింది. ఒక్క మాట కొస మారింది. లస్మయ్య ఊరందరికీ నిద్ర సర్దార్ అయ్యాడు. అతని కూతురు బడిలో ఆ పేరు వింటూనే పెరిగింది. ఆ పేరు ఎక్కడ పుట్టిందో మొండయ్యకు తెలియదు. అన్న తరవాత సర్దార్ అయి నన్ను మోస్తూ వచ్చాడు.

ఇరవై రెండేళ్ల తరవాత వకుళాదేవి వచ్చింది. వరంగల్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేది. భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయరాదని అప్పట్లో చట్టం. చూసి వస్తానన్నా ఎవరూ ఒప్పుకోలేదు. ఆమె ఆదివారం ఆదివారం వచ్చి, దీపాలు భద్రపరిచే గది అరుగుమీద కూర్చుని మొండయ్యను అడిగేది. బాయిలో చెమట ఏ రంగులో ఉంటుంది, ఎలుకలు ఏమి తింటాయి, ఇలాంటివి. కల్పిత కథకు ఇంత ఆరా దేనికని నాకు నవ్వొచ్చేది.

పద్నాలుగో ఆదివారం చిత్తుప్రతి చదివి వినిపించింది. ‘లస్మయ్య కునుకు తీశాడు. చేతిలో దీపం కొండెక్కింది.’

మొండయ్య ముందు నవ్వాడు. “బాయిల కొండ ఏడుంటదమ్మా, ఎక్కెటందుకు? మేం పండుకున్నదంటం.” అంతలోనే నవ్వు ఆగింది. “అవునమ్మా, మా అన్న కునుకు తీసిండని నీకెవరు జెప్పిన్రు?”

“విచారణ కాగితం చదివానండీ. పండుకున్నాడని మీరే చెప్పినట్టుంది.”

మొండయ్య నన్ను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు గాజు తుడిచాడు. “నేనట్లన్నది దీపాన్ని తల్లీ,” అన్నాడు చివరికి. “అన్నను గాదు.”

ఆమె ఆ మాటనూ వెంటనే నమ్మలేదు. మరుసటి ఆదివారం ఒక గంగాళం తెప్పించి, తినే సోడా వేసి నిమ్మరసం పోసింది. నురగ అణిగాక, వెలిగించిన నన్ను అందులోకి దించింది. గంగాళంలో కంటికి ఏమీ లేదు, ఉన్నదల్లా పాత సొరంగాల్లో నేలబారున చేరే బరువైన గాలి. నా మంట కుదించుకుంది, చప్పుడు లేకుండా పోయింది. పైకి తీసింది, వెలిగించింది, మళ్లీ దించింది. ఐదోసారికి మొండయ్య అడిగాడు, ఇంకెన్నిసార్లమ్మా అని.

“ఇంకెక్కడ తప్పు రాసే వీలుందో చూసుకుంటున్నా, మొండయ్య గారూ.”

తరవాత నలభై పేజీలు చించేసింది. ఎలుకలూ చెమట రంగూ అందులోనే పోయాయి. మిగిలింది ఒక్క క్రియాపదం. దాన్ని చేరడానికి అన్ని ఆదివారాలు పట్టాయి. అవసరమైన ప్రశ్న ఏదో ముందే తెలిస్తే ఒక్క పూట చాలేది. కానీ అది ముందే ఎవరికి తెలుస్తుంది?

నవల అచ్చయింది. అందులో ‘దీపం పండుకున్నది. ఆ వెనకే లస్మయ్య’ అని ఉంది. ఆ పేజీని మొండయ్య అన్న కూతురిచేత మూడుసార్లు చదివించుకున్నాడు. విచారణ కాగితం ఇప్పటికీ అలాగే ఉంది. ఊళ్లో మాత్రం నిద్ర సర్దార్ అన్న మాట మళ్లీ వినబడలేదు.

ఈ రోజు కూడా ఎవరో తండ్రి నా గాజు పెట్టెమీద వేలుపెట్టి, ఆమె మగవేషం కథ బిడ్డకు చెబుతున్నాడు. ఆ ఆదివారాలన్నీ నేను ఆ అరుగుమీదే ఉన్నాను. అరుగుకూ బాయి నోటికీ నలభై అడుగులు. వకుళాదేవి ఆ నలభై అడుగులు ఏనాడూ నడవలేదు.