వేషం దింపే కుర్చీ

“ఏడవడానికి కూడా జీతమిస్తారా? ఇంట్లో ఊరికే ఏడుస్తావుగా!” అన్నాడు మా ఆయన, నేను స్టవ్ గట్టు తుడుస్తుంటే. మా అత్తగారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. నవ్వుతూనే తుడిచిన గట్టునే మళ్లీ తుడిచాను.

నర్సింగ్ కాలేజీలో రోగిగా నటించడం నా ఉద్యోగం. మనసు బాగోలేనివాళ్లతో ఎలా మాట్లాడాలో పిల్లలు ముందు నా మీద నేర్చుకుని, ఆ తర్వాత అసలు వార్డుకి వెళ్తారు. నాకిచ్చిన పాత్ర దిగులు పట్టిన ఒంటరి మనిషి. మొగుడు లేడు, పిల్లల్లేరు. విన్నప్పుడు పెట్టి పుట్టింది అనుకున్నాను. నిద్ర పట్టదు, తిండి సయించదు, చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చోవాలి. నిద్ర సంగతి నాకెవరూ నేర్పక్కర్లేదు. నెలల తరబడి కళ్లు మూతపడటం లేదు. గుండె దడదడలాడుతుంది, లేచి పరుగెత్తాలనిపిస్తుంది, ఎక్కడికో తెలీదు. ఒకసారి మా ఆయనతో అంటే, “పగలు పని తక్కువైతే నిద్రెక్కడ పడుతుంది?” అని అటు తిరిగి పడుకున్నాడు. ఇంకెవరికి చెప్పను? ఆస్పత్రికంటారా, నేను వెళ్లనిదెప్పుడు! అత్తగారి మోకాళ్లకి, మా ఆయన బీపీకి, పిల్లాడి జలుబుకి సంచీ పట్టుకుని బయట బల్ల మీద కూర్చునేది నేనే. డాక్టరు నా వైపు చూసేది మందులెప్పుడు వేయాలో చెప్పడానికే.

ఏడవడం కష్టం కాదు. కదలకుండా కూర్చోవడమే నా వల్ల కాదు. “మీ చేతులు ఊరుకోవేంటండీ!” అని పాఠం చెప్పే మేడమ్ మొదట్లో రోజూ విసుక్కునేది.

ఇవాళ నా ఎదుట కూర్చున్న అమ్మాయి కొత్తది, బెదురుగొడ్డు. ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగాల్సినవన్నీ గడగడా అప్పజెప్పింది. నేనూ నేర్పినట్టే చెబుతూ ఏడ్చాను. ఉన్నట్టుండి ఆ పిల్ల ప్రశ్నలు మర్చిపోయి నా చేతుల వైపు చూసింది.

“అదేంటమ్మా, ఏడుస్తూ టేబుల్ తుడుస్తున్నారు?”

చూసుకున్నాను. నిజమే. కళ్లొత్తుకోమని ఇచ్చిన కాగితం రుమాలుతో టేబులంతా తుడిచేస్తున్నాను. దాని మీద మరకైనా లేదు. నా మొహం మాత్రం తడిసి ముద్దయింది.

“టేబుల్ సంగతి వదిలేయండి. ముందు మీరు తుడుచుకోండి,” అంటూ ఇంకో రుమాలు చేతిలో పెట్టింది.

గది అద్దాల గోడ వెనక నుంచి చూస్తున్న మేడమ్ చప్పట్లు కొడుతూ లోపలికొచ్చింది. “అబ్బ, ఏం నటన! ఆ తుడవడం ఎక్కడ పట్టారండీ బాబూ!” నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను.

నటన అయ్యాక ఇక్కడ ఒక పద్ధతుంది. రోగి కుర్చీలోంచి లేచి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అందరి ముందూ నా సొంత సంగతి చెప్పాలి. పాత్ర ఏడుపు ఇంటికి మోసుకుపోకుండా అన్నమాట. వేషం దింపడం అంటారు. రోజూ ఒకటే పాట పాడతాను: “నేను రోగిని కాదు. నాకు భర్త, కొడుకు ఉన్నారు. నేను బాగున్నాను.”

“ఊఁ, దింపండి,” అంది మేడమ్, వాచీ చూసుకుంటూ.

కుర్చీ మారాను. “నాకు భర్త, కొడుకు ఉన్నారు,” అన్నాను. తర్వాతి ముక్క వదిలేశాను. “నిద్ర మాత్రం నిజంగానే పట్టట్లేదు.”

మేడమ్ నవ్వబోయి ఆగింది.

“వేషం దింపేశాను మేడమ్. ఇప్పుడు మాట్లాడేది నేనే.”

ఆ పిల్ల తన కుర్చీ లాక్కుని నా ముందుకొచ్చింది. ఈసారి ఏదీ అప్పజెప్పలేదు. “ఎప్పట్నుంచమ్మా?” అంది. చెప్పాను. మేడమ్ అక్కడికక్కడే ఆస్పత్రికి ఫోన్ చేసి, సాయంత్రం డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేసింది.

డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది.

“ఇంకా రాలేదేంటి? అమ్మ టీ కోసం చూస్తోంది,” అన్నాడు మా ఆయన.

“మీరే పెట్టండి. నేను డాక్టరు దగ్గరున్నాను.”

“డాక్టరా?” పాపం, నిజంగానే కంగారుపడ్డాడు. “అమ్మ ఇక్కడే ఉంది. పిల్లాడు ఇక్కడే ఉన్నాడు. నేనూ ఇక్కడే ఉన్నాను. మరి ఎవరికి బాగోలేదు?”

“నాకు,” అన్నాను.